మోకాలికి సరిపడా యుద్ధం

బోనెల తవిటినాయుడు ఇరవై ఏళ్లు సైనికుడు. అంటే కాగితాల్లో ఇరవై ఏళ్లు, పనికి మాత్రం ఏడాదికి రెండు నెలలు. మిగతా పది నెలలు పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర ఫిట్టరు. మే ఒకటో తారీకుకల్లా తీర సహాయక దళం నుంచి పిలుపు వచ్చేది. రోహిణీ కార్తె ఎండలో ఇసుక మీద పరిగెత్తి, శత్రువన్నవాడు ఏనాడూ తొంగిచూడని సముద్రానికి ఎదురుగా గోతులు తవ్వి, జూన్ ముప్ఫయ్యో తారీకున అవే గోతులు పూడ్చి ఇంటికొచ్చేవాడు. మర్నాటి నుంచి మళ్లీ బాయిలర్.

దళంలో చేరమని అతనికి ఎవరూ చెప్పలేదు. రైల్వే స్టేషను గోడ మీద పోస్టరు చెప్పింది. ‘ఏడాదికి రెండు నెలలు మీరు దేశాన్ని చూసుకోండి, జీవితాంతం దేశం మిమ్మల్ని చూసుకుంటుంది’ అని పెద్దక్షరాల్లో ఉంది. దాని కింద ‘రిజర్వు సేవ మీ ఉద్యోగ జీవితానికి నిచ్చెన’ అని ఇంకో ముక్క. ఆ నిచ్చెన సంగతి చెప్పుకోవాలంటే, జీడిపిక్క ఫ్యాక్టరీకి దిగేది సరిగ్గా మే నెలలోనే. బాయిలర్ ఒళ్లు తెలియకుండా మండేదీ అప్పుడే. సావుకారు చెడ్డవాడేం కాదు. “హెడ్ ఫిట్టరు పని నీకే ఇద్దునయ్యా. పిక్క దిగే టయానికి నువ్వు సముద్రం కాయడానికి ఎల్లిపోతావు. మరేటి సెయ్యమంటావు?” అని నొచ్చుకుంటూనే ఇరవై ఏళ్లలో ముగ్గురిని హెడ్ ఫిట్టర్లను చేశాడు. ఆ ముగ్గురికీ పని నేర్పింది తవిటినాయుడే.

అయినా అతను దళాన్ని వదలలేదు. కారణం ఒకటే, ఆస్పత్రి కార్డు. ఇరవై ఏళ్లు పూర్తిచేసినవాళ్లకు, వాళ్ల పెళ్లాలకు విశాఖపట్నంలోని దళం ఆస్పత్రిలో ఉచిత వైద్యం. అతని పెళ్లాం పారమ్మ అదే ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టే కాలిమిషను మీద పాతికేళ్లు పనిచేసింది. ఒక్కో పిక్కకూ కుడికాలితో ఒక తొక్కు. రోజుకు ఎన్ని వేల తొక్కులో ఆమెకు తెలియదు గానీ ఆమె మోకాలికి తెలుసు. ఆ కీలు ఇప్పుడు పూర్తిగా అరిగిపోయింది. గోడ పట్టుకుని లేస్తుంది, గోడ పట్టుకుని కూర్చుంటుంది, గోడ లేనిచోట మొగుడి భుజం పట్టుకుంటుంది. శ్రీకాకుళం డాక్టరు ఫోటో తీసి చూసి, కీలు మార్చకపోతే రెండేళ్లలో మంచం పట్టేస్తుందని మొహం మీదే చెప్పేశాడు. బయట చేయించుకోవడానికి అమ్ముకునే పొలమూ లేదు, ఆదుకునే చుట్టమూ లేడు. ఉన్నదల్లా కార్డు మీద గంపెడాశ.

ఆఖరి ఏడాది జూన్ ముప్ఫయ్యో తారీకున దళంవాళ్లు తవిటినాయుడికి శాలువా కప్పి, చేతులు కలిపి, ప్లాస్టిక్ తొడుగులో కార్డు ఇచ్చారు. వానలు కాస్త తెరిపివ్వగానే, సెప్టెంబరులో, పారమ్మను రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్లాడు. ఆస్పత్రి కిటికీలో గుమాస్తా కార్డు తిప్పిచూసి, “వెనకాల చదువుకున్నారా?” అన్నాడు.

వెనకాల చీమకాళ్లంత అక్షరాల్లో ఉంది: ‘చెల్లుబాటు: ప్రతి సంవత్సరం మే 1 నుంచి జూన్ 30 వరకు.’

“ఇది సెప్టెంబరు,” అన్నాడు గుమాస్తా. “ఇప్పుడు మీరు సైనికులు కారు. అనుమానముంటే సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి.”

సంక్షేమ కార్యాలయం రెండు వీధుల అవతలే ఉంది. మేడ మీద. మోకాళ్లవాళ్లు వచ్చే కార్యాలయాన్ని మేడ మీద పెట్టడానికి కూడా ఒక బుర్ర కావాలి. తవిటినాయుడు పెళ్లాన్ని సగం మోసుకుంటూ పైకి చేర్చాడు. అక్కడ సూపరింటెండెంటు వేదుల చయనులు గారు. చాలా మర్యాదస్థుడు. మంచినీళ్లిచ్చి, కుర్చీ వేయించి మరీ లేదని చెప్పే రకం. ఆయన తల వెనకాల గోడకు ‘యథాసేవా తథాఫలం’ అని అద్దం కట్టించిన అక్షరాలున్నాయి. ఆ నినాదం ఆయన సొంత బుర్రలోంచి పుట్టిందనీ, అందుకు ఆయనకు పై నుంచి ప్రశంసాపత్రం వచ్చిందనీ పక్కనే ఇంకో అద్దం చెబుతోంది.

“తమరి సందేహం సహేతుకమే నాయుడు గారూ, కానీ నిరాధారం,” అన్నారు చయనులు గారు. “పూర్వం ఈ కార్డు పన్నెండు మాసాలూ చెల్లేది. అది ఘోరమైన అన్యాయమని మన శాఖ గుర్తించింది. పన్నెండు మాసాలు సేవ చేసినవాడికీ, రెండు మాసాలు చేసినవాడికీ ఒకే ఫలమా? అందుచేత సమానుపాత సూత్రం ప్రవేశపెట్టాం. ఏ మాసాల్లో సేవో ఆ మాసాల్లోనే ఫలం. తక్కిన పది మాసాలు తమరు పౌరులు. ఒక పౌరుడి భార్యను సైనిక ఆస్పత్రిలో పడుకోబెట్టడం దేశభద్రతకు సంబంధించిన వ్యవహారం.”

“మోకాలు పన్నెండు నెల్లూ నొప్పెడతాది గదా బాబూ,” అన్నాడు తవిటినాయుడు.

చయనులు గారు పారమ్మ కాలివైపు నిజంగానే జాలిగా చూశారు. “అది మోకాలి క్రమశిక్షణకు సంబంధించిన సమస్య. సూత్రంలో లోపం లేదు.”

తవిటినాయుడు ఇంకేదో అనబోయాడు. పారమ్మ అతని చొక్కా పట్టుకుని లాగింది. “పోనీ మావా. మే ఎంత దూరముంది, ఎనిమిది నెల్లు. పాతికేళ్లు ఓర్సుకోనేదేటి?” అంది. చయనులు గారు ఆవిడ సహకారాన్ని మెచ్చుకుని, మెట్ల దాకా వచ్చి సాగనంపారు.

ఎనిమిది నెలలూ ఎలా గడిచాయో పారమ్మకే తెలియాలి. మే ఒకటో తారీకున ఇద్దరూ చీకటితోనే ఆస్పత్రి ముందు వాలారు. వాళ్లే కాదు, ఇచ్ఛాపురం నుంచి తుని దాకా ఎక్కడెక్కడి పాత రిజర్వు సైనికులూ పెళ్లాలను వెంటబెట్టుకుని వచ్చారు. కిటికీ మూసి ఉంది. దాని మీద కొత్త కాగితం అంటించి ఉంది: ‘సేవ శిబిరరూపంలో జరిగినందున ఫలము కూడా శిబిరరూపంలోనే అందజేయబడును.’ ఆస్పత్రి వెనకాల మైదానంలో సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. ఈల మెడలో వేసుకుని ఒక హవల్దారు నిలబడ్డాడు.

“రోగులందరూ వరసలో నిలబడండి. కుంటివాళ్లు ముందు, కళ్లు కనబడనివాళ్లు వెనకాల,” అని కేకేశాడు. హాజరు పిలిచాడు. తర్వాత పరీక్షలన్నాడు. వంద గజాలు పరుగు, ఇరవై గుంజీలు, ఊపిరి బిగబట్టి ఛాతీ కొలత. నెగ్గినవాళ్లకు లోపల మంచం, మందులు, వైద్యం. ఓడినవాళ్లకు వచ్చే ఏడాది.

తవిటినాయుడు వరస తప్పి ముందుకొచ్చాడు. “బాబూ, ఇది పరిగెత్తలేకే గదా ఆస్పత్రికొచ్చింది.”

“శిబిరంలోకి దేహదారుఢ్యం లేనివాళ్లను ఎప్పుడైనా తీసుకున్నామా నాయుడూ? ఇరవై ఏళ్లు నువ్వూ పరిగెత్తే లోపలికొచ్చావా లేదా?”

“నాను పరిగెత్తినాను. నానప్పుడు సైనికుణ్ణి. ఇది రోగం మనిషి.”

“రోగం మనిషి శిబిరంలోకి రాకూడదు.”

“శిబిరంలోకి రాకపోతే వైద్యమెలగ బాబూ?”

“వైద్యం కావాలంటే శిబిరంలోకి రావాలి,” అన్నాడు హవల్దారు. రెండు ముక్కల్నీ విడివిడిగా మనస్ఫూర్తిగా నమ్మాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం అతని డ్యూటీ కాదు.

పారమ్మ పమిట బొడ్లో దోపుకుంది. “నువ్వూరుకో మావా, గుంజీలే గదా,” అని మొదలుపెట్టింది. ఒకటి తీసింది. పళ్లు బిగించి రెండోది తీసింది. మూడోదానికి కూర్చున్న మనిషి లేవలేదు. ఇంతమంది మొగాళ్ల ముందు అలా కూలబడిపోయినందుకు సిగ్గుపడి తల దించుకుంది. తవిటినాయుడు ఇరవై ఏళ్లలో సముద్రం ఒడ్డున ఎన్ని గోతులు తవ్వమంటే అన్ని తవ్వాడు, ఎందుకని అడగలేదు. మొదటిసారి ఒక గొయ్యి తనంతట తాను తవ్వి, అందులో ఎవర్ని పూడ్చాలో కూడా అనుకున్నాడు. అనుకుని, పెళ్లాన్ని లేవనెత్తి నీడకు తీసుకెళ్లాడు.

సాయంత్రానికి లోపల మంచాలన్నీ నిండాయి. సోంపేట నుంచి వచ్చిన ఒక సిపాయి పెళ్లాం, చూడటానికి గుండ్రాయిలా ఉంది, కిటికీ పక్క మంచం మీద చేతికి సెలైను పెట్టించుకుని పడుకుంది. “నీకే రోగమమ్మా?” అని కిటికీలోంచి అడిగింది పారమ్మ. “రోగమేటి నేదప్పా. పాసైపోనాను,” అంది ఆవిడ దిగులుగా. వరండాలో నల్లబల్ల మీద ఒక నర్సు సుద్దముక్కతో రాస్తోంది: ‘శిబిరంలో చికిత్స పొందినవారు: నలభై. పూర్తి ఆరోగ్యంగా ఉన్నవారు: నలభై.’ ఆ ఫలితానికి ఆస్పత్రికి ఏదో బహుమతి కూడా వచ్చిందని తర్వాత తెలిసింది.

మర్నాడు తవిటినాయుడు పెళ్లాన్ని కింద అరుగు మీద కూర్చోబెట్టి, ఒక్కడే మేడెక్కాడు. చయనులు గారు అంతా విని, కళ్లజోడు తుడుచుకున్నారు.

“తమరి కష్టం నాకు అర్థమైంది. నిబంధనల్లో దీనికి మార్గం లేకపోలేదు. సెక్షన్ పదకొండు. యుద్ధము సంభవించిన పక్షంలో దళంలోని నూతన, పురాతన సభ్యులందరూ పూర్తికాల సైనికులుగా పరిగణింపబడతారు. అప్పుడు పన్నెండు మాసాలూ వైద్యం. పరీక్షలు ఉండవు. కుటుంబంతో సహా.”

“యుద్ధమెప్పుడొస్తాది బాబూ?”

“అది మన శాఖ పరిధిలో లేదు. మనం దరఖాస్తు మాత్రం స్వీకరిస్తాం,” అని సొరుగులోంచి నాలుగు పేజీల ఫారం తీసిచ్చారు. దాని పేరు ‘సంభావ్య యుద్ధ లబ్ధిదారు అర్జీ.’

తవిటినాయుడు అక్కడే కూర్చుని నింపాడు. పేరు, తండ్రి పేరు, రోగం పేరు. తర్వాత ఒక గడి: ‘ఏ దిక్కున యుద్ధము కోరుచున్నారు? ఉత్తరం, పడమర, సముద్రం.’ కాసేపు ఆలోచించి, ఏదైనా ఫరవాలేదని రాశాడు. ఇంకో గడి: ‘ఎంత కాలము యుద్ధము అవసరము?’ ఆపరేషనుకు, కుట్లు విప్పడానికి, నడక నేర్పడానికి ఆరు వారాలు పడుతుందని శ్రీకాకుళం డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆరు వారాలని రాశాడు. చయనులు గారు చదివి తలాడించారు. “మితంగా కోరుకున్నారు. చాలామంది దురాశకు పోతున్నారు.”

చాలామందన్నది నిజమే. నెల తిరక్కుండానే పాత రిజర్వువాళ్లందరూ కలిసి కాశీబుగ్గలో సంభావ్య యుద్ధ లబ్ధిదారుల సంఘం పెట్టారు. విశ్రాంత సుబేదారు పిట్ట సన్యాసిరావు అధ్యక్షుడు. మొదటి సమావేశంలోనే పేచీ వచ్చింది. కంటి శుక్లాలవాళ్లు వారం రోజుల చిన్న యుద్ధం చాలన్నారు. హెర్నియావాళ్లకు మూడు వారాలు కావాలి. గుండెజబ్బు ఉన్న ఒక లాన్సునాయకు, సంవత్సరానికి తక్కువైతే తను సంఘంలోంచి తప్పుకుంటానన్నాడు. “మన సుఖం మనం సూసుకుంటే ఎలగ, దేశం కూడా తట్టుకోవాల గదా,” అని సన్యాసిరావు అందరినీ ఒప్పించి, మొదటి విడతగా ఆరు వారాల యుద్ధం కోరుతూ తీర్మానం చేయించాడు. తవిటినాయుడు రెండు చేతులూ ఎత్తాడు.

ఈగ వాలితే విదిలించి ఊరుకునే మనిషి, ఆ తర్వాత మారిపోయాడు. డ్యూటీ దిగగానే టీకొట్లో టీవీ ముందు కూర్చునేవాడు. సరిహద్దు దగ్గర ఏదైనా గొడవంటే మొహం వికసించేది. మంత్రులు చర్చలన్న మాట ఎత్తితే గ్లాసు బల్ల మీద కొట్టేవాడు. “మాటాడుకుంటే ఏటొస్తాది? ఇన్నేళ్లూ మాటాడుకుంటే ఏటొచ్చింది? ఒకపాలి తేల్సుకోవాల,” అనేవాడు. టీకొట్టు జనం అతని దేశభక్తికి ముక్కు మీద వేలేసుకున్నారు. సావుకారైతే ఆగస్టు పదిహేనున జెండా అతని చేతే ఎగరేయించాడు. ఆ జెండా కింద అతను ఏం మొక్కుకున్నాడో ఎవరికీ తెలియదు.

అక్టోబరులో ఒకరోజు చర్చలు చెడిపోయాయని టీవీలో చెప్పారు. ట్యాంకులు కదులుతున్న బొమ్మలు చూపించారు. తవిటినాయుడికి కాళ్లు నేల మీద ఆగలేదు. దారిలో పావుకిలో జిలేబీ కట్టించుకుని, ఇంటి గుమ్మంలోంచే కేకేశాడు. “ఒలే పారీ, బట్టలు సర్దుకో. మనకి మంచిరోజులొచ్చినాయి.”

ఇంట్లో ఉన్నది పారమ్మ ఒక్కతే కాదు. పక్కింటి సూరమ్మ నేల మీద కూర్చుని, మొహం చీరచెంగులో దాచుకుని ఏడుస్తోంది. పారమ్మ ఆమె వీపు నిమురుతోంది. సూరమ్మ కొడుకు ఎర్రయ్య సైన్యంలో ఉన్నాడు. రిజర్వు కాదు, పన్నెండు నెలల సైన్యం. పొద్దున్న ఫోన్ చేసి, తమ పటాలాన్ని ముందుకు తీసుకెళ్లిపోతున్నారనీ, మళ్లీ ఎప్పుడు మాట్లాడతాడో తెలియదనీ చెప్పాడట.

“సూసినావా తవిటీ,” అంది సూరమ్మ కళ్లు తుడుచుకుంటూ. “ఆడికి చలంటే పడదు. నాకేటి తోస్తనేదు. యుద్ధం రాదు గదా తవిటీ? నువ్వు మిల్ట్రీలో సేసినోడివి, నీకు తెలుస్తాది గదా.”

తవిటినాయుడి చేతిలో జిలేబీ పొట్లం నూనె కారుతోంది. ఎక్కడ పెట్టాలో తెలియక వీపు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ ఎర్రయ్యను సైకిలు మీద ఎక్కించుకుని తీసుకెళ్లి, సైన్యం ఎంపికకు పరుగెలా పెట్టాలో, గుండె నిండా గాలెలా పీల్చాలో నేర్పింది తనే. ఐదు నెలలుగా రోజూ టీవీ ముందు కూర్చుని తను కోరుకున్నదేమిటో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

“రాదప్పా,” అన్నాడు.

సూరమ్మ వెళ్లాక పారమ్మ, “ఏదీ, ఆ పొట్లం,” అని అడిగి తీసుకుని, పెరట్లో కుక్కకు వేసింది. “మావా, నా మోకాలు నీకు నానెప్పుడైనా అప్పజెప్పినానా?” అంది. “నొప్పి నాది. నాను పడతాను. ఆడి పానం నా మోకాలికోసం పణం పెట్టకు.”

“నీకోసమే గదే,” అన్నాడు తవిటినాయుడు.

“నాకోసమే. అందుకే సెప్తన్నాను.”

ఆ రోజు నుంచి అతను టీకొట్టుకు వెళ్లడం మానేశాడు. సంఘం నుంచి మనుషులొచ్చారు. ఇంత మంచి సమయంలో, ట్యాంకులు కదిలిన సమయంలో, వెనకడుగు వేస్తే ఎలా అని సన్యాసిరావు చీవాట్లు పెట్టాడు. తవిటినాయుడు రాజీనామా రాసిచ్చి పంపేశాడు. రోజూ పొద్దున్నే సూరమ్మ గుమ్మంలోకి వచ్చి, యుద్ధం వచ్చేసిందా అని అడిగేది. లేదని చెప్పడం అతనికి ఒక డ్యూటీ అయిపోయింది. పారమ్మకు ఇప్పుడు గోడ కూడా చాలడం లేదు, చేతికర్ర వచ్చింది. ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

జనవరిలో పోస్టుమాన్ ఒక పొడుగు కవరు తెచ్చాడు. చయనులు గారి సంతకం. గుమ్మంలో కూర్చుని ఎండలో జీడిబద్దలు ఏరుకుంటున్న పారమ్మ, “పైకి సదువు మావా,” అంది. తవిటినాయుడు చదివాడు.

‘అయ్యా, ఉభయపక్షాల మధ్య ఒడంబడిక కుదిరి, సరిహద్దు నుండి బలగములు వెనుకకు మరలుచున్నందున, దేశములో అనివార్య కారణములవల్ల శాంతి నెలకొన్నదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. పై కారణముచే తమరి అర్జీ తిరస్కరించడమైనది. శాంతివలన తమరి కుటుంబానికి కలిగిన అసౌకర్యానికి శాఖ తన ప్రగాఢ సానుభూతిని తెలియజేయుచున్నది.’

తవిటినాయుడు కాగితం మడవబోయాడు. “ఆగు,” అంది పారమ్మ. “యుద్ధం లేదన్నమాటేనా? మళ్లీ సదువు, ఆ ముక్క.”

మళ్లీ చదివాడు. ఏడుపెందుకో, సంతోషమెందుకో అతనికే తెలియలేదు. రెండూ వచ్చాయి.

“యుద్ధం లేదంట,” అన్నాడు.

పారమ్మ చేట పక్కన పెట్టి, కర్ర ఆనుకుని లేచింది. లోపలికెళ్లి ఒక గిన్నెలో బెల్లం ముక్కలూ జీడిబద్దలూ వేసుకుని వచ్చింది. వీధివైపు అడుగు వేసేసరికి తవిటినాయుడు అడ్డొచ్చాడు. “నువ్వెక్కడికే? ఇలగియ్యి, నానెల్లి సెప్పొస్తాను.”

“కాదు. నానే ఎల్లాల,” అంది.

సూరమ్మ ఇల్లు పక్కదే. అయినా పారమ్మ కర్ర ఊతంతో, కుడికాలు ఈడ్చుకుంటూ వెళ్లడానికి చాలాసేపు పట్టింది. తవిటినాయుడు గిన్నె పట్టుకుని వెనకాలే నడిచాడు. ఆ గుమ్మానికి మూడు మెట్లున్నాయి. పట్టుకోవడానికి గోడ లేదు. తవిటినాయుడు భుజం వంచాడు. పారమ్మ వద్దని తల ఊపి, కర్ర మొదటి మెట్టు మీద పెట్టి, “సూరప్పా, తలుపు తియ్యి,” అని పిలిచి, మూడు మెట్లూ ఎక్కింది.